నలభయ్యో పేరు

నాకు అంకెలంటే గౌరవం ఉంది, నమ్మకం లేదు. అమలాపురంలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పి జీతం తీసుకునే మనిషి ఈ మాట అనకూడదు. క్లాసులో అననుకూడా. బోర్డు నిండా సగటులు వేసి, చేతికంటిన సుద్ద దులుపుకుని వచ్చేస్తాను. కానీ ఎక్కడైనా "ఇంతమందిని అడిగాం, ఇంతమంది ఔనన్నారు" అని కనబడిందంటే చాలు, నాకు చుట్ట వాసన వస్తుంది. లంక పొగాకు చుట్ట, సగం కాలి తడికి ఆరిపోయిన చుట్ట వాసన. మొదట్లో పక్కవాళ్ళని అడిగేదాన్ని, మీకూ వస్తోందా అని. రావడం లేదనేవారు. తర్వాత అడగడం మానుకున్నాను.

వాసనతో పోతే బాగుండేది. పరీక్షల డ్యూటీలో హాలు చివరి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంటుంది. నీలం రంగు నేత చీర, నూనె రాసి బిగించిన ముడి. కుడి చెయ్యి పిడికిలి మూసి ఒళ్ళో పెట్టుకుని నావంకే చూస్తూ ఉంటుంది. నేను అటు నడిస్తే ఉండదు. మా ఆయన రవికుమార్‌తో చెబితే "రక్తం తక్కువై ఉంటుంది, చూపించుకో" అన్నారు. చూపించుకున్నాను. రక్తం బాగానే ఉంది.

ఆవిడెవరో నాకు తెలుసు. సువార్తమ్మ.

2009 జూలైలో పళ్ళ డాక్టరు ప్రభాకరరావు గారు ఫోన్ చేసినప్పుడు నేను ఎండిన బట్టలు తీస్తున్నాను. ఆయన గొంతు వినగానే చేతిలో దుప్పటి కిందకి జారిపోయింది. ఆయనంటే భయం కాదు. ఆయనంత మంచివాడు ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు. పదకొండేళ్ళ కిందట నేను చేసిన పని ఆయనకి చెప్పలేదు, అంతే.

"సుస్మితమ్మా, చిన్న పనండి. బ్యాటరీ సిగరెట్టని గల్ఫ్ నుంచి మనవాళ్ళు తెస్తున్నారు, చూసేరా? దాంతో చుట్టా, సిగరెట్టూ మానేయొచ్చంటున్నారు. వచ్చినవాళ్ళంతా నన్నడుగుతున్నారు. నేను చెప్పిందే చేస్తారు కదండీ, అదీ భయం. ఇంటర్నెట్లోంచి మూడు పరిశోధనలు తీయించేను. లెక్కలు మీరొకసారి చూసి పెట్టాలి."

వారం రోజులు చూశాను. ఆ వారం రోజులూ ఇంట్లో చుట్ట వాసన వదల్లేదు.

మొదటిది ఆ వస్తువు అమ్మేవాళ్ళే చేయించింది. కొనుక్కున్నవాళ్ళని తమ వెబ్‌సైటులోనే అడిగారు. నచ్చినవాళ్ళు జవాబిచ్చారు, నచ్చనివాళ్ళు ఆ వైపే వెళ్ళి ఉండరు. ఆడపెళ్ళివారు విస్తళ్ళ మధ్య తిరుగుతూ భోజనం ఎలా ఉందండీ అని అడిగితే మన కోనసీమలో బాగాలేదన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. రెండోది నిజాయితీగానే చేశారు. నలభైమందికి ఆ గొట్టం ఇచ్చి, గంట తర్వాత కాల్చాలన్న యావ తగ్గిందా అని చూశారు. తగ్గింది. బాగుంది. గంట తర్వాతి మాట అది, ఆరునెలల తర్వాతి సంగతి వాళ్ళూ చెప్పలేదు. మూడోది మూడొందలమందితో మొదలైంది. ఆరునెలలకి దొరికింది నూటపదిమంది. ఆ నూటపదిమందికీ ఫోన్ చేసి "మానేశారా?" అని అడిగి, ఔనన్నవాళ్ళని మానేసినవాళ్ళలో వేసుకున్నారు. దొరకనివాళ్ళని లెక్కలోంచే తీసేశారు. ఈ గొట్టం లేకుండా ఊరికే మానమని చెబితే ఎంతమంది మానేవారో చూడనేలేదు. ఎవరి నోరూ తెరిపించి చూడలేదు.

ఆ చివరి వాక్యం రాసి పెన్ను కింద పెట్టేశాను. ఎవరిని దెప్పుతున్నాను నేను?

1998లో నాకు ఇరవైరెండేళ్ళు. ఎమ్మెస్సీ మధ్యలో సెలవులకి ఇంటికొస్తే ప్రభాకరరావు గారు ఇంటర్వ్యూలు చేసే పని ఇచ్చారు. రాజోలు అవతల లంక పేటలో ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ కాలుస్తారు, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. పడవలో గాలికి ఆరిపోదని, పనిలో ఉంటే బూడిద రాలదని, చేతులు ఖాళీగా ఉంటాయని. అది అంగిలిని కాల్చి పుండు చేస్తుంది, పుండు ముదిరితే కేన్సరు. అందుకని డాక్టరు గారు వామూ లవంగమూ కలిపి పొట్లాలు కట్టించి, అరవైరెండుమంది ఆడవాళ్ళకి పంచారు. చుట్ట మీదకి మనసు పోయినప్పుడల్లా ఓ చిటికెడు నోట్లో వేసుకోమని. ఆరునెలల తర్వాత ఎంతమంది మానారో ఇంటింటికీ తిరిగి రాయడం నా పని. మాననివాళ్ళకి క్యాంపు పెట్టి నోరు చూస్తారు. వచ్చే డాక్టర్లకి ఒక్కరోజే వీలు కాబట్టి మానేసినవాళ్ళకి క్యాంపు అక్కర్లేదు. ఆ మాట కాగితం మీద ఉంది.

ఆఖరి రోజున ముప్ఫయ్యొమ్మిది మంది మానేసినట్టు నా దగ్గర లెక్క తేలింది. నలభై అయితే బాగుండుననుకున్నాను. ఎందుకో అడక్కండి. ఇరవైరెండేళ్ళకి నలభై అనే అంకె అందంగా కనబడింది.

సువార్తమ్మ గారి ఇల్లు తుపానుకి పడిపోతే కొత్తగా వేసుకున్నారు, ఇంకా ఒకవైపు తాటాకు దడే. నాతో పేట చర్చి పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు వచ్చారు. ఆయన ముందు అడగకూడదని ఇప్పుడు ఏ పిల్లాడైనా చెబుతాడు. అప్పుడు నాకు తోచలేదు సరికదా, పెద్దమనిషి తోడుండడం మర్యాదనుకున్నాను. సువార్తమ్మ గారు అరుగు మీద ఉన్నారు. ఆవిడ కొడుకు సాలమోను, నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దవాడు, మమ్మల్ని చూసి కుర్చీ వేశాడు. వచ్చేనెల కువైట్ వెళుతున్నాడట.

"చుట్ట మానేసేరాండీ?" అన్నాను.

"ఆయ్. మానేసేనండి అమ్మాయిగారూ."

అయ్యగారు "ప్రభువుకి స్తోత్రం" అన్నారు. సాలమోను దించి ఉంచిన బొండాం చెక్కి నాకిచ్చాడు. తాగుతూ చూశాను. ఆవిడ కుడి చెయ్యి పమిట కింద పిడికిలి మూసి ఉంది. వేళ్ళ సందులోంచి సన్నగా పొగ. మేం గుమ్మంలోకి రావడం చూసి నోట్లోంచి తీసిన చుట్ట, ఆర్పే వ్యవధి లేక అలాగే గుప్పిట్లో మూసేశారు. ముఖంలో నవ్వు చెదరలేదు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరుగుతున్నాయి.

అడగొచ్చు, ఆ చేతిలో ఏమిటండీ అని. కొడుకు ముందు, అయ్యగారి ముందు, అమ్మ వయసు మనిషిని అబద్ధాలకోరుని చెయ్యాలి. నోరు రాలేదు. పోనీ లేచి వెళ్ళిపోవచ్చు. బొండాం ఇచ్చిన ఇంట్లో సగంలో లేస్తే అమర్యాద. నింపాదిగా మొత్తం తాగాను. లేత కొబ్బరి ఉంది తినండన్నారు, అదీ తిన్నాను. ఆవిడ చెయ్యి కాలుతూనే ఉంది. అప్పుడు కాగితం తీసి ఆవిడ పేరుకెదురుగా "మానివేసినది" అని రాశాను. నలభై.

ఆ ఆదివారం అయ్యగారు చర్చిలో నా జాబితా చదివారు. ఒక్కొక్క పేరు చదువుతుంటే ఆ మనిషి లేచి నిలబడాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. అది ముందు అనుకున్నది కాదు, అయ్యగారికి అప్పటికప్పుడు తోచింది. నలభయ్యో పేరుకి సువార్తమ్మ గారు లేచి నిలబడ్డారు, కుడిచేతికి గుడ్డ కట్టు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత ఆవిడకి బయటపడే దారేది? చర్చిలో చప్పట్లు కొట్టించుకున్న మనిషి క్యాంపుకి వచ్చి నోరెలా తెరుస్తుంది? రెండేళ్ళు దాచుకుని కాల్చారు. రెండువేల సంవత్సరంలో మళ్ళీ డాక్టరు గారి క్లినిక్కులో చూశాను. అంగిట్లో చిల్లు పడింది, మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. "పాపం, రెండేళ్ళ కిందటే మానేసింది. మానేసినా వచ్చేసిందమ్మా" అన్నారు డాక్టరు గారు నాతో, నిజంగా బాధపడుతూ. బెంచీ మీంచి ఆవిడ నన్ను చూసి గుర్తుపట్టారు. మాట్లాడలేరు. నన్ను చూడగానే ఆ కుడి చెయ్యి దానంతటదే మూసుకుంది.

నెల తిరక్కుండా పోయారు. పేటలో మానేసిన మిగతా ఆడవాళ్ళు "మానేసినా వస్తదంట, ఇంకెందుకు" అని మళ్ళీ మొదలెట్టారని తర్వాత తెలిసింది. నేను రాసిన ఒక్క ముక్క ఎంతదూరం నడిచిందో చూడండి. నేను చదువు పూర్తి చేసుకుని, ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఉండిపోయాను. పిరికిదాన్ని. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

శనివారం సాయంత్రం గడియార స్తంభం దగ్గర క్లినిక్కుకి వెళ్ళాను. మెట్లెక్కుతుంటేనే చుట్ట వాసన కొట్టింది. వస్తుందని ముందే తెలుసు కాబట్టి పట్టించుకోలేదు. నా దయ్యం నాతో వచ్చిందనుకున్నాను.

డాక్టరు గారికి నా కాగితాలిచ్చి, మూడూ ఒక్కొక్కటే విడమరిచి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"అయితే పనిచెయ్యదంటారా?"

"అలా అనలేనండి. చేస్తుందనీ అనలేను. తెలియదు, అంతే. రేపెవరైనా సరిగ్గా చూసి చెబితే అప్పుడు నమ్ముదాం. వీళ్ళు మాత్రం చూడలేదు, అడిగారు."

"మనం కూడా అడిగే రాసేం కదమ్మా పేటలో. అదేం తప్పుపోలేదుగా." ఆయన నవ్వారు. "కంటితో చూస్తే మీరే ఒప్పుకుంటారు. మనం కూడా ఇక్కడే చిన్న సర్వే మొదలెడదాం. మొదటివాణ్ణి పిలిపించేను. మూడు నెలలయ్యింది మానేసి. మీకు తెలిసినవాడే."

పక్కగదిలోంచి సాలమోను వచ్చాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, ముఖం మాత్రం వాళ్ళమ్మదే. కువైట్లో డ్రైవరీ చాలించుకుని వచ్చేసి రాజోల్లో ఆటో నడుపుతున్నాడు. జేబులోంచి పెన్నులాంటి తెల్లటి గొట్టం తీసి పీల్చి చూపించాడు. చివర ఎర్రగా వెలిగింది. తెల్లటి ఆవిరి, ఏదో పళ్ళరసం వాసన. బూడిద లేదు.

"బాగున్నారాండీ మేడమ్ గారూ? ఇదండి, ఇది పట్టేకా మరి చుట్ట ముట్టుకోలేదండి. అమ్మ డాక్టరు గారి పొట్లంతో మానేసింది, నేను దీంతో మానేసేనండి."

డాక్టరు గారు సంతోషంగా నా ముందుకి కొత్త కాగితం జరిపారు. పేరు, వయసు, ఊరు. కింద రెండు గడులు: మానివేసినవారు, మాననివారు. నా చేతికి పెన్ను ఇచ్చారు.

పళ్ళరసం ఆవిరి గాలిలో కలిసిపోయింది. చుట్ట వాసన పోలేదు. గోడవారగా బెంచీ వైపు చూశాను, ఆవిడ ఉంటారని. బెంచీ ఖాళీగా ఉంది. మరి వాసనెక్కడిది? సాలమోను మళ్ళీ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు, గుప్పుమంది. ఈ వాసన దయ్యానిది కాదు, ఎదురుగా ఉన్న మనిషిది. ఇన్నేళ్ళూ లేని చుట్ట వాసనకి అలవాటుపడి, ఉన్న చుట్టని వదిలేయబోయాను. పెన్ను అప్పటికే "మానివేసినవారు" గడి మీద ఉంది.

"సాలమోను గారూ, మీరు అడ్డపొగ కాలుస్తున్నారా?"

"అబ్బెబ్బే, మానేసేనని..."

"నలుగురిలో ఇది. ఒక్కరే ఉన్నప్పుడు అది. అంతేనా?"

అతను డాక్టరు గారి వైపు చూసి తల దించుకున్నాడు. డాక్టరు గారు "సుస్మితమ్మా" అన్నారు, మందలింపుగా. ఆయనకి అడ్డం వెళ్ళడం నాకదే మొదలు.

"మీ అమ్మగారు మానలేదండి," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. "మానలేదు. నేను వచ్చినరోజు ఆవిడ చేతిలో వెలిగే చుట్ట ఉంది. మానేసినా వచ్చిన జబ్బు కాదది, మానకే వచ్చింది. రాసింది నేను. తప్పు రాశాను."

డాక్టరు గారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. సాలమోను ఆ తెల్ల గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

"నాకు తెలుసండి," అన్నాడు చివరికి. "ఆవేళ మీరు బొండాం తాగుతుంటే నేను అమ్మ చెయ్యే చూస్తన్నానండి. మీరెప్పుడు లేస్తారా అని. మీరు చూళ్ళేదనుకున్నాను."

"చూశాను."

"చూసేరా?"

"చూసే రాశాను."

అతను తలెత్తాడు. ఆ కళ్ళల్లో కోపం ఉంటే తేలిగ్గా ఉండేది.

"చూస్తే లెగవొచ్చు కదండీ," అన్నాడు.

నాకేడుపు వచ్చింది. ఏడిస్తే అతనే నన్ను ఓదారుస్తాడు, అంత మర్యాదస్తుడు. అందుకని ఏడవలేదు.

"చర్చిలో పేరు చదివేసేరు కదండీ," అన్నాడు సాలమోను. "నేను కాదంటే అమ్మ దేవుడి ముందు అబద్ధమాడినట్టవుద్ది. అందుకని అమ్మ పోయినప్పుడు కువైట్ నుంచొచ్చి నేనూ ఊరంతా అదే చెప్పేనండి. మానేసింది, మానేసినా వచ్చిందని. చెప్పీ చెప్పీ నాకూ అలాగే అనిపించేసిందండి. మానినా ఒకటే, మానకపోయినా ఒకటే అని."

డాక్టరు గారు లేచారు. బల్ల మీది టార్చి తీసుకున్నారు. "నోరు తెరువు నాయనా," అన్నారు.

తెరిచాడు. నేనూ వంగి చూశాను, చూడాలి కాబట్టి. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. వెనకవైపు ఒకచోట గోరంత మేర గట్టిపడి ఉంది. డాక్టరు గారు టార్చి ఆర్పి, కాకినాడలో తనకి తెలిసిన డాక్టరుకి చీటీ రాశారు. సోమవారం ముక్క తీసి పరీక్ష చేయిస్తే తేలుతుంది, ఇప్పుడే చూశాం కాబట్టి ఆశ ఉంది అన్నారు. ఆశ ఉంది అన్నమాట రెండుసార్లన్నారు. నా వైపు మాత్రం చూడలేదు. అప్పట్లో డాక్టర్ల పత్రికలో ఆయన పేరు మీద అచ్చయిన నలభై అంకె ఆయన కళ్ళముందు ఉండి ఉంటుంది.

నేను కాగితం మీద రెండో గడిలో రాశాను. మానలేదు. పక్కన రాశాను: చూడబడినది.

"సోమవారం తప్పకుండా వెళతారు కదండీ?" అన్నాను.

"ఆయ్," అన్నాడు సాలమోను.

నేను ఆ ఆయ్‌ని నమ్మలేదు. సోమవారం తెల్లవారగానే మొదటి బస్సు పట్టుకుని రాజోలు, అక్కణ్ణించి రేవు దాటి పేటకి వెళ్ళాను. ఇల్లు ఇప్పుడు డాబా. అరుగు మాత్రం అదే చోట ఉంది. సాలమోను దానిమీద ఒక్కడూ కూర్చుని ఉన్నాడు, తెల్లచొక్కా వేసుకుని, చీటీ జేబులో పెట్టుకుని, దవడలు లోపలికి లాగి అడ్డపొగ పీలుస్తూ. నన్ను చూడగానే చుట్ట నోట్లోంచి తీసి గుప్పిట్లో మూసేశాడు. నవ్వుతూ లేచి నిలబడ్డాడు.

"రండి రండి మేడమ్ గారూ. కూర్చోండి. బొండాం తాగుదురుగాని."

"ముందు చెయ్యి తెరవండి సాలమోను గారూ," అన్నాను. "కాలుతుంది."

ఒక్క క్షణం నావంక చూశాడు. తర్వాత వేళ్ళు విప్పాడు. చుట్ట కిందపడింది. చెప్పుకాలితో తొక్కి ఆర్పేశాను. పంపు కింద అతని చెయ్యి పెట్టించి, ఎర్రగా కమిలిన చోట నీళ్ళు పడుతున్నంతసేపూ పక్కన నిలబడ్డాను. ఆ తర్వాత ఇద్దరం రేవు వైపు నడిచాం.